షూనేములో కట్టిన చిన్న గది

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో షూనేము ఊరి స్త్రీ ఒకామె కనిపిస్తుంది. ఆమె పేరేమిటో బైబిల్ చెప్పదు. కలిగినింటి ఇల్లాలు. ఎలీషా ప్రవక్త ఆ దారిన వెళ్తుంటే భోజనానికి రమ్మని పట్టుబట్టింది. ఆ తర్వాత ఆయన అటు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లోనే భోజనం. మనలో చాలామందిమి అక్కడితో ఆగిపోతాం. ఆమె ఆగలేదు, భర్తతో మాట్లాడింది. పైన ఆయనకొక చిన్న గది కట్టిద్దాం, అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెడదాం, వచ్చినప్పుడల్లా అక్కడ ఉంటాడు అంది.

ఆ సామాను పేర్లు చదివినప్పుడల్లా ఆమె మీద గౌరవం పెరుగుతుంది. పడుకోవడానికి ఏం కావాలి, చదువుకోవడానికి ఏం కావాలి, చీకటి పడితే ఎలా అని వచ్చే మనిషి వైపు నుంచి ఆలోచించింది. ఒక పూట అన్నం పెట్టడానికి ఆ క్షణంలో పుట్టే జాలి చాలు. గది కట్టాలంటే ఖర్చు లెక్క వేసుకోవాలి, ఇంట్లో ఇద్దరూ ఒప్పుకోవాలి, వచ్చే ఏడాది కూడా ఇస్తామని ఇప్పుడే తేల్చుకోవాలి.

పౌలు అడిగిందీ అదే. "ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను" అని కొరింథీయులకు రాశాడు (2 కొరింథీ 9:7). యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగవుతున్న రోజులవి. అంతకుముందు పత్రికలోనే (1 కొరింథీ 16:2) ఆదివారం ఆదివారం ఎవరి సంపాదనను బట్టి వాళ్లు కొంత తీసి పెట్టుకోండి, నేను వచ్చాక పోగుచేయడం వద్దు అని ఏర్పాటు చెప్పాడు. ఆయన వచ్చి, ఒక్క ప్రసంగంతో అందరి కళ్లలో నీళ్లు తెప్పించి, అప్పటికప్పుడు వసూలు చేయగలడు. అలా వద్దనుకున్నాడు.

మన పల్లె సంఘాల్లో పెద్దవాళ్లకు పిడికెడు బియ్యం సంగతి తెలుసు. ఎసట్లో బియ్యం పోసే ముందే దేవుని పేరున ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. మిజోరంలో ఇదే పద్ధతిని 1910లో సంఘంలోని స్త్రీలు మొదలుపెట్టారు. అది ఇప్పటికీ అక్కడి సంఘాల పనికి పెద్ద ఆధారం. అందరూ తిన్నాక గిన్నెలో ఏమైనా మిగిలితే ఇద్దాం అనుకుని ఉంటే ఒక్క బస్తా కూడా నిండేది కాదు.

బెంగళూరులో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ గది మాట చాలా దగ్గరిది. హోసూరు రోడ్డులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి, దాని పక్కనే మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ ఉన్నాయి. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి అక్కడికి మనవాళ్లు వస్తూనే ఉంటారు. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఇస్తారు. రోజుకు పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి చాలామందిని ఆసుపత్రిలో చేర్చుకోరు, వచ్చి పొమ్మంటారు. రోజూ ధర్మవరం నుంచి ఎలా వచ్చిపోతారు? చికిత్సకు ప్రభుత్వ కార్డు అక్కరకొచ్చినా లాడ్జి అద్దె, హోటల్ తిండి, తోడు వచ్చినవాళ్లు పోగొట్టుకునే కూలి అలాగే ఉంటాయి. ఆ భారం మోయలేక చికిత్స సగంలో వదిలేసి ఊరెళ్లేవాళ్లు ఉంటారు. అలాంటి ఇంటికి మనం చేతిలో పెట్టే ఐదువందల నోటు కన్నా తలుపు వేసుకుని పడుకోగలిగిన ఒక గది, జావ కాచుకోవడానికి ఒక స్టవ్ ఎక్కువ.

అయితే ఆ గది ఉండాలంటే రోగి ఫోన్ చేసిన రోజున ఆలోచిస్తే కుదరదు. అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు, హోమ్‌లోన్ కాగితాల మీద సంతకం పెడుతున్నప్పుడు అది తేలిపోతుంది. లేవీయకాండము 19లో దేవుడు పొలం ఓరలు పూర్తిగా కోయవద్దన్నాడు, పరిగె ఏరుకోవద్దన్నాడు. అవి బీదలకు, పరదేశులకు. నెల జీతగాళ్లకు పొలం లేదు, కానీ ఓరలు ఉన్నాయి. మన జీతానికి బ్యాంకు ఎంత అప్పు ఇస్తుందో అంతా తీసుకుంటే గట్టు దాకా కోసేసినట్టే. ఆ తర్వాత ఎంత మంచి మనసున్నా బైబిల్లో పరిగె ఏరుకున్న పరదేశి రూతు లాంటిది మన పొలంలోకి వస్తే ఏరుకోవడానికి గింజ ఉండదు. వైట్‌ఫీల్డ్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో రెండు గదులా, కాస్త దూరంగా మామూలు ఇంట్లో మూడు గదులా అన్నది మామూలు అద్దె లెక్కలాగే కనిపిస్తుంది. నా మట్టుకు అది ప్రార్థన చేసి తేల్చుకోవలసిన విషయం. కారు, పిల్లల స్కూలు, పెళ్లి ఖర్చు కూడా అంతే.

ఊళ్లో అమ్మానాన్నలకు బీపీ మాత్రలు అప్పు మీద వస్తుంటే ఇక్కడ కానుకల పెట్టెలో వేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇది కొర్బాను, అంటే దేవునికి అర్పించింది అని చెప్పి అమ్మానాన్నలకు చేయవలసింది మానేయడాన్ని మార్కు 7లో యేసు ప్రభువే ఖండించాడు.

ఒక మాట మగవాళ్లతో. షూనేములో గది ఆలోచన ఆమెదే, భర్త కాదనలేదు. మన ఇళ్లలో ఎక్కువగా అటుది ఇటు జరుగుతుంది. ఆయన చర్చిలో నలుగురి ముందు "మా ఇంటికి రండి బ్రదర్" అంటాడు. ఆఫీసు నుంచి వచ్చిన ఆమె ఇంకో ఇద్దరికి వండుతుంది, దుప్పట్లు ఉతుకుతుంది, మెట్రోకి ఆలస్యమవుతుందని టెన్షన్ పడుతుంది. అది ఆమె జేబులోంచి తీసి మనం ఇవ్వడం. ముందు ఇద్దరూ కూర్చుని వంట ఎవరు, తోడుగా ఆసుపత్రికి ఎవరు, ఏ నెలల్లో కుదరదు అని మాట్లాడుకోవాలి. పిల్లల గది ఇస్తుంటే పిల్లల్ని కూడా అడగాలి. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని పౌలు అదే వచనంలో అన్న మాట ఇంట్లో అందరికీ వర్తిస్తుంది.

ఈమధ్య మన తెలుగు సభల్లో "విత్తనం వెయ్యండి, వందంతలు వస్తుంది" అని పిలుస్తున్నారు. షూనేమీయురాలి కథ ఆ మాటను ఒప్పుకోదు. నీకేం కావాలి, రాజుతో చెప్పించనా అని ఎలీషా అడిగితే నేను నా జనుల మధ్య కాపురమున్నాను అని ఊరుకుంది. కొడుకు పుట్టడం ఆమె అడిగి పొందింది కాదు. ఆ బిడ్డ చనిపోతే ప్రవక్త కోసం వేసిన ఆ మంచం మీదే పడుకోబెట్టింది. దేవుడు బిడ్డను తిరిగి లేపాడు, నిజమే. కానీ ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి కరువు వల్ల ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో ఉండి, తిరిగొచ్చి, తన ఇంటి కోసం, పొలం కోసం రాజు దగ్గర మొరపెట్టుకుంటుంది. ఇచ్చినవాళ్ల ఇంటికీ కరువు వస్తుంది. ఆమె ఇచ్చింది లాభానికి కాదు, వచ్చినవాడు దేవుని మనిషని గుర్తుపట్టి. ఆకలిగొన్నవాడిలో, పరదేశిలో, రోగిలో నన్నే చూడండని ప్రభువు మత్తయి 25లో మనకు ఆ గుర్తును చెప్పిపెట్టాడు.

కె.ఆర్. పురంలో ఒకే గదిలో నలుగురు ఉండే కుటుంబాన్ని గది ఇవ్వమని ఎవరూ అడగరు. కన్నడ వచ్చినవాళ్లు ఒక ఉదయం సెలవు పెట్టి ఆసుపత్రి లైనులో తోడు నిలబడితే ఊరి నుంచి వచ్చినవాళ్లకు కొండంత ధైర్యం. లేదంటే సంఘంలో కొన్ని కుటుంబాలు కలిసి ఆసుపత్రికి దగ్గర్లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. అద్దె నెలకు 12,000 అనుకుంటే పది కుటుంబాలకు తలా 1,200. ఈ ఊళ్లో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే ఇంటివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ మొత్తం ఎవరు సర్దుతారో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో, కులం, సంఘం అడక్కుండా ఎవరికి ముందు ఇవ్వాలో మొదటే రాసిపెట్టుకోవాలి. కోతల పండుగ కానుకల గురించి కమిటీ కూర్చునే రోజే ఈ మాట ఎత్తితే బాగుంటుంది. అందరూ ఉంటారు, లెక్కల పుస్తకమూ అక్కడే ఉంటుంది.