మామిడి మాను మీద బూడిద మచ్చలు

దామలచెరువు దగ్గర తోటలో మామిడి మాను మీద బూడిద రంగు మచ్చలు కనిపిస్తే మా చిన్నాయన అడిగేది ఒకటే: “ఈ బూజుకు ఏం మందు కొట్టాల పాపా?”

ఏ మందూ వద్దు. అది తెగులు కాదు, లైకెన్. ఒక శిలీంధ్రమూ, దాని పొరల్లో ఉండే శైవలమో (నాచు లాంటిది) సయనోబాక్టీరియానో (ఎండతో తిండి చేసుకునే బాక్టీరియా) కలిసి బతికే జీవి. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం ఎండతో తిండి తయారు చేస్తుంది. చెట్టు రసం జోలికి పోదు, మాను దానికి నిలబడే చోటు, అంతే. మసాలాలో వేసుకునే రాతిపువ్వు కూడా లైకెనే.

భూతద్దం పెట్టి చూడండి. బెరడుకు అతుక్కున్న గుండ్రటి పొర, చీలికలు చీలికలుగా అంచులు, కొన్నింటి మధ్యలో ఆవగింజ కన్నా చిన్న నల్లటి గిన్నెలు. ఎండాకాలంలో పెళుసుగా ఉంటుంది. నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే చూస్తుండగానే పచ్చబడుతుంది. నాకు ఇది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

తడిని ఇట్టే పీల్చుకునే ఆ గుణమే దానికి ప్రమాదం కూడా. వేర్లు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పొర లాంటిదీ లేదు. గాలి, వాన ఏది తెస్తే అది నేరుగా లోపలికి పోతుంది. బొగ్గు, నూనెలు కాల్చిన పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు అయితే పత్రహరితాన్నే పాడు చేస్తుంది. పారిస్‌లో లక్సెంబర్గ్ తోట చెట్ల మీద ఉన్న లైకెన్లు నగరంలో మిగతా చోట్ల లేవని లైకెన్ల శాస్త్రవేత్త నైలాండర్ 1866లోనే రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్‌లలో చెట్ల మీది లైకెన్లను బట్టి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉందో అంచనా వేసే కొలత తయారు చేశారు.

మన తిరుపతిలో పొగ ఒక్కటే కాదు సమస్య. ఊరు రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు పెరుగుతోంది. తోటలు ప్లాట్లవుతున్నాయి, రోడ్డు వెడల్పు కోసం పాత చింతచెట్లు పోతున్నాయి. నీడ, తేమ పోయాక మిగిలిన మాను మీద దుమ్ము, వేడి. ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటాం అంటారు. చాలా లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. అరచేయంత మచ్చ ఏళ్ల తరబడి పెరిగింది. లేత మొక్క బెరడు మీద అది మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ లెక్క ఎవరూ వేయకపోవడం నాకు నిజంగా బాధ.

అలాగని మచ్చలుంటే గాలి బాగుందనీ కాదు. పిక్సిన్ కోకోయస్ అనే లైకెన్ లాంటివి మన దేశంలో ఊళ్ల మధ్య కూడా తట్టుకుని బతుకుతాయి. చిన్న పొదల్లా వేలాడే రకాలే సాధారణంగా ముందు మాయమవుతాయి. అందుకే ఎన్ని మచ్చలున్నాయన్నదాని కన్నా ఎన్ని రకాలున్నాయో చూడాలి.

మీరూ చూడాలనుకుంటే మామిడిని మామిడితోనే, చింతను చింతతోనే పోల్చండి, బెరడు మారితే దాని మీద బతికేవీ మారతాయి. ఇంచుమించు ఒకే లావున్న మానులు, ఛాతీ ఎత్తులో. కొండ పక్కన కపిలతీర్థం వైపు ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి అయితే తేడా పట్టుకోవడం సులువు. సున్నం, జాజు పూసిన చెట్లను వదిలేయండి. ఫోటో పక్కన స్కేలు పెట్టండి, గోరుతో మాత్రం గీకకండి.