పులిహోరకి షుగర్ అన్నారు

రిపోర్టులో గ్లూకోజ్ 247 అని ఉంది. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "నాకే అంత లేదు కదే, వీడికెలా వచ్చింది?" అంది.

పులిహోర మా పిల్లి. ఒంటి రంగు చూసి పెట్టిన పేరు. వయసు ఆరేళ్లు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది, బరువు 6.2 కిలోలు. రోజంతా నిద్రే, పెరుగన్నం గిన్నె చప్పుడికి మాత్రం ఠక్కున లేస్తాడు. ఆపరేషన్ అయ్యి లావెక్కిన మగపిల్లులకి షుగర్ వచ్చే అవకాశం ఎక్కువట. కాబట్టి ఆ రోజు డాక్టరుగారు అనుమానించడంలో తప్పేమీ లేదు. అవసరమైతే ఇన్సులిన్ మొదలుపెడదాం అని చెప్పి పంపించారు. కానీ ఆ రక్తం ఏ పరిస్థితిలో తీశారో నాకు తెలుసు, నా ముంజేతికీ తెలుసు.

2024 మే నెల. టీకా బాకీ ఉంది, ఎలాగూ వెళ్తున్నాం కదా రక్తపరీక్ష కూడా చేయించేద్దాం అనుకున్నాను. మేముండేది విశాఖలో, అక్కయ్యపాలెంలో, లిఫ్టు లేని మూడో అంతస్తు. రైతుబజారుకి తీసుకెళ్లే ప్లాస్టిక్ బుట్టలో వాడిని కుక్కి, పైన పాత చున్నీ కట్టాను. కుక్కడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మంచం కింద నుంచి ఒకసారి, బీరువా వెనక నుంచి ఒకసారి లాగాల్సి వచ్చింది. చంకన పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు అంటారు గాని, పెళ్లి నయం, అక్కడ కనీసం భోజనం పెడతారు.

ఆటో అతను బుట్ట వైపు చూసి, "ఏటమ్మా, అందులో పిల్లా, పులా?" అన్నాడు. గురుద్వారా దగ్గర నుంచి మద్దిలపాలెం దాకా హైవే మీద లారీల హారన్లు, ఉక్కపోత. వాడు నోరు తెరిచి కుక్కలా రొప్పడం మొదలుపెట్టాడు. పిల్లి నోటితో ఊపిరి తీస్తోందంటే మామూలు విషయం కాదని అప్పటికి నాకు తెలీదు. క్లినిక్‌లో కుర్చీల మధ్య నేల మీద బుట్ట పెట్టాను. ఒక లాబ్రడార్ వచ్చి ముక్కు ఆనించి వాసన చూసి వెళ్లింది, పాపం దానికే దురుద్దేశమూ లేదు. అలా నలభై నిమిషాలు. లోపలికి వెళ్లాక ఒకాయన మెడ తోలు పట్టి ఎత్తాడు, ఇంకొకాయన కాళ్లు అదిమాడు. గదిలో పెట్టి కొడితే పిల్లయినా పులవుతుందన్న సామెత కళ్ల ముందు జరిగింది. బల్ల మీద మూత్రం, నా చేతి మీద నాలుగు గీతలు. ఆ హడావుడిలోనే సూది గుచ్చి రక్తం తీశారు. టీకా వేయడం కుదరనే లేదు.

గీతల్ని పదిహేను నిమిషాలు సబ్బుతో కడుక్కుని, తర్వాత 0, 3, 7, 28 రోజుల లెక్కన రేబిస్ టీకా నేను వేయించుకున్నాను. పిల్లికి వేయించబోయి నేను వేయించుకున్నానని నాన్న ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తారు.

ఇన్సులిన్ మాటకి భయపడి, మొదలుపెట్టేముందు ఇంకొకరి అభిప్రాయం తీసుకుందామని ఎంవీపీ కాలనీలో ఒక మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ పిల్లిని తీసుకురమ్మనలేదు. ముందు ప్రశ్నలు వేశారు. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా? ఇసుక ట్రేలో తడిసిన ముద్దలు మునుపటికంటే పెద్దవయ్యాయా? బాగా తింటూ కూడా చిక్కిపోతున్నాడా? అన్నిటికీ లేదనే చెప్పాను. చిక్కడం మాట దేవుడెరుగు, గుమ్మంలో పట్టట్లేదు.

అప్పుడు చెప్పారావిడ. భయపడిన పిల్లి ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలేస్తుంది. మామూలుగా 150 లోపు ఉండాల్సింది కాసేపటికే 250 కూడా దాటొచ్చు. పెనుగులాడితే మరీను. అది పారిపోవడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు, జబ్బు కాదు. పిల్లుల్లో ఇది ఎంత మామూలంటే, ఒక్క రీడింగుతో షుగర్ అని తేల్చకూడదట. నిజంగా షుగర్ లేని పిల్లికి ఇన్సులిన్ ఇస్తే గ్లూకోజ్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

స్పీకర్‌లో వింటున్న నాన్న, "నా బీపీ లాగే అన్నమాట" అన్నారు. ఆయనకి ఆసుపత్రి మెట్లెక్కితే 160, ఇంటికొస్తే 130. మా ఇంట్లో ఈ సంగతి అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే.

"కంగారేం లేదు, మూడు వారాలు టైమ్ తీసుకోండి. ముందు బుట్ట మార్చండి" అన్నారు మేడమ్.

పిల్లికి క్యారియర్ కొనాలి అని ఇంట్లో చెప్తే, "ఏం, మధ్యాహ్నానికి అన్నం కట్టి పంపిస్తావా?" అంది అమ్మ. పిల్లిని మోసుకెళ్లే గట్టి ప్లాస్టిక్ పెట్టె కొన్నాం. ముందు తలుపుతో పాటు పైభాగం మొత్తం క్లిప్పులు తీస్తే ఊడొచ్చే రకం. ఎందుకలా అన్నది తర్వాత తెలిసింది. మొదటి వారం దాని పైకప్పు తీసేసి, కింది తొట్టె ఒక్కటే హాల్లో టీవీ పక్కన పెట్టాం. అందులో వాడు పడుకునే పాత దుప్పటి ముక్క, ఉతక్కుండా. రెండు రోజులు దాన్ని చూస్తే చాలు దూరంగా తిరిగాడు. మూడో రోజు హార్బరు నుంచి తెచ్చిన పచ్చి నెత్తళ్లు ఉప్పు లేకుండా ఉడికించి అంచున పెట్టాను. మెడ సాచి ఒకటి లాక్కెళ్లాడు. రోజూ అంగుళం లోపలికి జరుపుతూ పోయాను. ఎండు నెత్తళ్లయితే పని ఇంకా త్వరగా అయ్యేది గాని, ఉప్పు వద్దన్నారు.

రెండో వారం పైకప్పు బిగించాం, తలుపు లేకుండా. తర్వాత తలుపు పెట్టి, తింటున్నప్పుడు మూసి పది లెక్కపెట్టి తీసేయడం. ఆ తర్వాత ఎత్తి వంటింటి దాకా, ఇంకో రోజు మెట్ల దాకా. పైనున్న పిడి పట్టుకుని మోస్తే లోపల వాడు ఉయ్యాలలో రాయిలా దొర్లుతున్నాడు. రెండు చేతులూ అడుగున వేసి, గుండెకి ఆనించుకుని మోయాలి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పరు.

మధ్యలో ఒకసారి నా తొందర కొద్దీ తలుపు మూసి అయిదు నిమిషాలు ఉంచేశాను. అరిచి గీపెట్టాడు. మళ్లీ రెండు రోజులు టీవీ వైపే రాలేదు. నా పని వారం వెనక్కి పోయింది.

క్యారియర్‌లో కొట్టడానికి ఒక స్ప్రే దొరుకుతుంది. పిల్లులు బుగ్గలు రుద్దినప్పుడు వదిలే వాసనలాంటిది తయారుచేసి అమ్ముతారు. ధర చూసి ఆగిపోయాను. మెత్తటి గుడ్డతో వాడి బుగ్గలే రోజూ రుద్ది, ఆ గుడ్డతో క్యారియర్ లోపల తుడిచాను. సొంత సరుకు, పైసా ఖర్చు లేదు.

మేడమ్ ఒక మందు కూడా రాశారు, గాబాపెంటిన్. మనుషులకి నరాల నొప్పికి వాడేదే. బయల్దేరే రెండు మూడు గంటల ముందు తిండిలో కలిపి ఇవ్వాలి. మోతాదు బరువుని బట్టి, కిడ్నీల స్థితిని బట్టి డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి మన లెక్కన వేసే పని కాదు. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, మా పక్క ఫ్లాట్ ఆంటీ ఒళ్లు వెచ్చగా ఉందని వాళ్ల పిల్లికి డోలో బిళ్ల వేయబోయింది. డోలో అంటే పారాసెటమాల్, అది పిల్లులకి విషం. దాన్ని విరిచే ఎంజైమ్ వాటి కాలేయంలో సరిపడా ఉండదు, ఒక్క బిళ్లతో చచ్చిపోవచ్చు. పరుగెత్తుకెళ్లి ఆపాను. గాబాపెంటిన్‌ని ముందొక ఆదివారం ఇంట్లో ఇచ్చి చూడమన్నారు. ఇచ్చాం. సోఫా ఎక్కబోయి జారి, ఏమీ జరగనట్టు అక్కడే పడుకున్నాడు.

జూన్‌లో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండింటికి టైమ్ ఇచ్చారు. ఆ వేళ కుక్కలు రావు. ఆటో వద్దని ఏసీ క్యాబ్ పెట్టుకున్నాం. క్యారియర్ మీద పలచటి తువ్వాలు కప్పాను. చుట్టూ ఏమీ కనబడకపోతే పిల్లికి సగం భయం తగ్గుతుంది. సత్యం జంక్షన్ దగ్గర ఒకసారి మ్యావ్ అన్నాడు, అంతే. క్లినిక్ బయట కారులోనే కూర్చుని, ఫోన్ వచ్చాక లోపలికి వెళ్లాం. క్యారియర్‌ని నేల మీద కాకుండా బల్ల మీదే పెట్టమన్నారు.

పైభాగం ఊడొచ్చే రకం ఎందుకో అప్పుడు తెలిసింది. మేడమ్ క్లిప్పులు తీసి కప్పు పక్కన పెట్టారు. పులిహోర తన దుప్పటి మీద, తన తొట్టెలోనే ఉన్నాడు. లాగడం లేదు, దులపడం లేదు. అక్కడే గుండె విన్నారు, పొట్ట తడిమారు. మెడ తోలు మాట నేనే అడిగాను. తల్లి అలా పట్టేది చిన్న పిల్లలనే, పెద్దయ్యాక అది వాటికి భయమే తప్ప ఊరట కాదన్నారు. తువ్వాలు శాలువాలా చుట్టి, వెనక కాలు ఒక్కటి బయటికి తీసి రక్తం తీశారు. నేను ముందు నుంచి, వాడు నాలుకతో నాకి తినే పేస్ట్ ట్రీట్ ప్యాకెట్ పట్టుకుని నిలబడ్డాను. సూది గుచ్చినప్పుడు నాకడం ఆపి నా వైపు చూశాడు, మళ్లీ మొదలెట్టాడు.

గ్లూకోజ్ 112.

అది చాలదన్నట్టు ఫ్రక్టోసమైన్ అనే పరీక్షకి కూడా పంపారు. వెనకటి ఒకటి రెండు వారాల్లో షుగర్ సగటున ఎలా ఉందో అది చెబుతుంది, ఆ నిమిషం భయంతో దానికి సంబంధం లేదు. మనుషులకి మూడు నెలల షుగర్ చూసినట్టు. అదీ నార్మలే వచ్చింది. బాకీ ఉన్న టీకా కూడా ఆ రోజే పడింది.

ఇంటికొచ్చాక కొత్త గొడవ. మా రెండో పిల్లి జీడి, ఆడది, కాటుకంత నలుపు. నాలుగేళ్లుగా వీడి పక్కనే పడుకుంటుంది. ఆసుపత్రి వాసనకి ఎవరో పరాయివాడనుకుని బుస్సుమని పంజా విసిరింది. ఇద్దర్నీ సాయంత్రం దాకా వేర్వేరు గదుల్లో ఉంచి, జీడి పడుకునే గుడ్డతో వీడి ఒళ్లు తుడిచి వదిలితే సర్దుకున్నారు.

షుగర్ లేకపోయినా 6.2 కిలోలు మాత్రం నిజమే, తగ్గించాలన్నారు. పెరుగన్నం ఆగిపోయింది. అమ్మ వంట చేసేటప్పుడు ఆగిందో లేదో నేను చెప్పలేను. ప్రతి ఆదివారం క్యారియర్‌తో సహా మిషన్ మీద పెట్టి, ఖాళీ క్యారియర్ బరువు తీసేస్తాం. పోయిన వారం 5.8.

నాన్న బీపీ మిషన్ కొనుక్కున్నారు. క్యారియర్ ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది, తలుపు తీసే ఉంటుంది. కాకపోతే పది రోజులుగా దాన్ని జీడి ఆక్రమించింది. పులిహోర వెళ్లి గుమ్మం ముందు కూర్చుని లోపలికి చూస్తుంటాడు, అది కళ్లు మూసుకుని కదలదు. వచ్చే నెల టీకా దానిదే.