మొదటి పేరు తెలియదట

నిన్న పొద్దున ఓడ దిగాం. మనసు ఇంకా కుదుటపడలేదు, అయినా మరిచిపోకముందే రాసేస్తున్నాను. పిల్లల్ని చూడటానికి అమెరికా వచ్చి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు క్రూయిజ్ ఎక్కేముందు ఇది చదవాలి.

మా అబ్బాయి అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాడు. మా పెళ్లయి 40 ఏళ్లు నిండాయని కోడలు ముచ్చటపడి, ఫ్లోరిడా నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి ఐదు రోజుల ఓడ ప్రయాణం బుక్ చేసింది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మనకి మెక్సికో వీసా అక్కర్లేదు. కాకపోతే అది మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి కంటే ఎక్కువసార్లు రానిచ్చేది అయి ఉంటే తిరిగి రావడానికి బెంగ ఉండదు. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడలకి బర్త్ సర్టిఫికెట్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు అని ఎవరైనా చెబితే నమ్మకండి. అది అమెరికా పౌరులకి మాత్రమే. మనకి పాస్‌పోర్టు చేతిలో ఉండాల్సిందే.

ఓడ ఎక్కడం పది నిమిషాల పని. సముద్రం బాగుంది, భోజనం పర్వాలేదు.

దిగే ముందు రోజు రాత్రి పెట్టెలకి నంబర్ల ట్యాగులు కట్టి గది బయట పెడితే, పొద్దునకల్లా రేవులోని పెద్ద హాల్లో ఆ నంబరు దగ్గర వరసగా ఉన్నాయి. కస్టమ్స్‌లో మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అమెరికాలోనే ఉండేవాళ్లు తలకి 800 డాలర్ల వరకు కొన్నవి సుంకం లేకుండా తెచ్చుకోవచ్చట, మావాళ్లు కొన్నవి అందులో పదో వంతు కూడా ఉండవు. ఓడలో ఇచ్చిన పళ్లు మాత్రం సంచిలో వేసుకుని దిగకండి. పోనీలే పిల్ల తింటుందని మా ఆయన దాచిన యాపిల్‌ని కోడలు గదిలోనే తీసి పారేసింది. మంచి పని చేసింది.

ఇక అసలు సంగతి.

పాస్‌పోర్టు తనిఖీ దగ్గర కెమెరా ముందు నిలబడితే ముఖం చూసి పంపించేస్తున్నారు. అబ్బాయి, కోడలు, మనవరాలు, మా ఆయన వరసగా దాటిపోయారు. నా వంతు వచ్చేసరికి అక్కడున్న అమ్మాయి పక్క కౌంటర్‌కి వెళ్లమని చెయ్యి చూపించింది. ఆ కౌంటర్ ఆఫీసర్ పాస్‌పోర్టు చూశాడు, కంప్యూటర్ చూశాడు, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు. తర్వాత వేలిముద్రలు. నా ముద్రలు మెషీన్‌లో పడలేదు. 31 ఏళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి, అంతకంటే ఎక్కువ ఏళ్లు అంట్లు తోమిన చెయ్యి. వేళ్లు నుదుటికి రాసుకొమ్మని ఆయన సైగ చేశాడు. చర్మానికి ఉండే జిడ్డు అంటుకుంటే ముద్ర సరిగ్గా పడుతుందట. నేను రాసుకున్నాను. నుదుటి మీది కుంకుమ వేళ్లకి అంటి, గాజు పలక మీద నాలుగు ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఆయన మొహం చిట్లించి, గుడ్డ తీసుకుని తుడిచాడు. నేను గబగబా కొంగుతో వేళ్లు తుడుచుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

తర్వాత నా పాస్‌పోర్టు ఒక కవర్లో పెట్టి, లోపలి గదిలో కూర్చోమన్నారు. మా అబ్బాయి అవతలి నుంచి "అమ్మా, నేనొస్తానుండు" అని అరిచాడు గానీ, దాటినవాళ్లని వెనక్కి రానివ్వరు. గదిలో ఫోన్ వాడకూడదని బోర్డు. అప్పుడు టైము 8:40.

గంట కూర్చున్నాక ఒకాయన తలుపు దగ్గర నిలబడి "ఫ్నూ" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఇంకా గట్టిగా "ఫ్నూ!" అన్నాడు. గదిలో ఉన్న నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి పాస్‌పోర్టు తెరిచి ఫొటో మీద వేలు పెట్టాడు. ఆ ఫ్నూ నేనే.

ఎందుకో చెబుతాను, దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. 2017లో నా పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది మా ఊరి ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు, మా బళ్లో చదివినవాడే. ఇంటిపేరుతో సహా నా పేరంతా గివెన్ నేమ్ గడిలో కొట్టేసి, సర్‌నేమ్ ఖాళీగా వదిలేశాడు. "ఏం కాదు టీచర్‌గారూ, అందరికీ ఇలాగే చేస్తున్నా" అన్నాడు. అమెరికా వీసాలో సర్‌నేమ్ ఖాళీగా ఉండకూడదు. అందుకని ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి తోసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు అని. ఓడ టికెట్ బుక్ చేసేటప్పుడు వెబ్‌సైటు ఖాళీ గడి ఒప్పుకోకపోతే, కోడలు పాపం పేరుని రెండుగా విరిచి రాసింది. ఒకే మనిషికి పాస్‌పోర్టులో ఒకలాగా, వీసాలో ఒకలాగా, ఓడ జాబితాలో ఇంకోలాగా పేరు. పైగా వేలిముద్ర పడలేదు. ఇక వాళ్లకి అనుమానం రాక ఏమవుతుంది?

ఆ మాటకొస్తే వాళ్ల తనిఖీ వాళ్లు చేసుకోవాల్సిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పేరు తెలియదు అన్న మాటనే పేరుగా పెట్టి మనిషిని పిలవడం ఏం పద్ధతి? నేను తరగతికి అరవై మంది పిల్లల హాజరు ఇంటిపేర్లతో సహా పిలిచినదాన్ని. ఒక్క పిల్లాడి పేరు కూడా ఏనాడూ తప్పు పలకలేదు. పేరు తప్పు పలికితే పిల్లాడి మొహం ఎలా వాడిపోతుందో నాకు తెలుసు.

హిందీ వచ్చా అన్నారు. రాదు, తెలుగు అన్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో తప్పుగా జవాబు చెప్పేకంటే అదే మేలు అనిపించింది, మీరూ అలాగే చేయండి. తెలుగులోకి మార్చి చెప్పేవాళ్లకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. అందులోంచి ఒకావిడ "అమ్మా, నమస్తే. మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అంది. అంతే, నాకు గొంతు పూడుకుపోయింది. కాసేపాగి, మా అత్తవారి ఇంటిపేరు, మా నానమ్మదైన నా పేరు, అప్పుడు పుట్టింటి ఇంటిపేరు కూడా చెప్పాను. మన దగ్గర ఇంటిపేరు ముందొస్తుందని, ఆడపిల్లకి పెళ్లయ్యాక అది మారుతుందని ఆవిడ ఆయనకి ఓపిగ్గా వివరించింది. ఎప్పుడు వచ్చారు, ఎవరి దగ్గర ఉంటున్నారు, ఎప్పుడు వెళ్తారు అని అడిగారు. ఏప్రిల్‌లో వచ్చాం, అబ్బాయి దగ్గర, సెప్టెంబరులో టికెట్ ఉంది అన్నాను. ముద్రలు మళ్లీ తీసుకున్నారు, ఈసారి బొటనవేలితో సహా పడ్డాయి. బయటికొచ్చేసరికి 10:50. మా ఆయన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, మంచినీళ్లు కూడా తాగలేదట.

ఇది క్రూయిజ్‌తో పోయేది కాదు. 2022 నవంబరులో యూఏఈ, ఒకే పేరున్న, అంటే సర్‌నేమ్ గడి ఇలా ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వమంది. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. కాబట్టి వీసాకి వెళ్లకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. వీసా వచ్చేసి ఉంటే టికెట్లో పేరు ఎలా రాయాలో ఓడ కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఐ-94, అంటే అమెరికాకి ఎప్పుడు వచ్చామో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు, ఆన్‌లైన్‌లో చూసుకునేటప్పుడు మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టి చూడండి, మా అబ్బాయికి అది తెలియక అరగంట కొట్టుకున్నాడు. తిరుగు టికెట్ కాగితం మీద ప్రింటు తీసి మీ సంచిలోనే ఉంచుకోండి, పిల్లల ఫోన్లో కాదు. దరఖాస్తులు మాత్రం తెలిసినవాడే కదా అని ఎవరి చేతికీ వదిలేయకండి.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. మనవరాలు పడుకున్నాక కోడలి ల్యాప్‌టాప్ తెరిపించి, పాస్‌పోర్టు రీ-ఇష్యూ ఫారం ఎలా ఉంటుందో చూపించమన్నాను. సర్‌నేమ్ గడిలో మా ఇంటిపేరు నేనే కొట్టాను. ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే, మా ఆయన పక్కన కూర్చుని పాస్‌పోర్టు పట్టుకుని సరిచూశాడు.