అంగారకుడిపై ఒంటరి సేద్యం

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘ది మార్షియన్’ చిత్రాన్ని నిన్న రాత్రి మళ్లీ చూశాను. తుపానులో చనిపోయాడనుకుని సహచరులు వదిలి వెళ్లిన మార్క్ వాట్నీ అనే వృక్షశాస్త్రవేత్త, ఉన్న తిండి చాలదని లెక్కగట్టి, పండుగ విందు కోసం పంపిన బంగాళాదుంపలను ముక్కలుగా కోసి, మనుషుల మలాన్నే ఎరువుగా కలిపిన అంగారకుడి మట్టిలో నాటుతాడు. నీటి కోసం రాకెట్ ఇంధనమైన హైడ్రజీన్‌ను నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా విడగొట్టి, ఆ హైడ్రోజన్‌ను మండిస్తాడు. తన ఊపిరిలోంచి వెలువడిన ఆక్సిజన్‌ను లెక్కలోకి తీసుకోకపోవడంతో మొదటిసారి పేలుడు జరుగుతుంది. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద ప్రమాదం జరగడమే నన్ను కదిలించింది.

1997లో అంగారకుడిపై దిగి, ఆ ఏడాదే మూగబోయిన నాసా నౌక పాత్‌ఫైండర్‌ను ఇసుకలోంచి తవ్వి తీసే ఘట్టం నాకు అన్నిటికన్నా ఇష్టం. 26 ఇంగ్లిష్ అక్షరాలను దాని కెమెరా చుట్టూ పేరిస్తే ఇరుకై, తిరిగే ఆ కెమెరా దేన్ని చూపుతోందో తెలియదు కనుక, ఒక్కో అక్షరానికి రెండేసి గుర్తుల చొప్పున పదహారు గుర్తులతోనే భూమితో మాటలు కలుపుతాడు. వాట్నీగా నటించిన మాట్ డేమన్ ముఖంలో అప్పుడు కనిపించిన ఉపశమనాన్ని మాటల్లో చెప్పలేను.

అయితే అంగారకుడి వాతావరణ పీడనం భూమి మీది దానిలో 1 శాతం కూడా లేదు కాబట్టి, కథకు మూలమైన ఆ తుపానుకు మనిషిని ఎత్తి విసిరేసే బలం నిజానికి ఉండదు. పైగా అక్కడి మట్టిలో విషపూరితమైన పెర్క్లోరేట్ లవణాలున్నట్టు ఫీనిక్స్ నౌక 2008లోనే కనుగొంది. వాటిని తొలగించకుండా అక్కడ పండించిన దుంపలు తినడం క్షేమం కాదు.