నిషేధపు బోర్డు, నిప్పుతాడు

పోయిన నెల అమలాపురం వెళ్లే బస్సు కోసం కోనసీమలోని ఒక బస్టాండులో గంటకు పైగా కూర్చోవలసి వచ్చింది. ప్రయాణికుల హాలు గోడకు ధూమపాన నిషేధపు బోర్డు ఉంది గానీ, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. బోర్డుకు నాలుగడుగుల దూరంలో, అదే కప్పు కింద ఉన్న కిళ్లీ కొట్టు గుంజకు కొబ్బరి పీచు తాడు వేలాడుతోంది. దాని కొస ఎర్రగా రాజుకుంటూ ఉంది. వచ్చినవారు సిగరెట్టు కొని, తాడు కొసను రెండుసార్లు ఊది, ముట్టించుకుని అక్కడే నిలబడి కాలుస్తున్నారు. నా పక్కనున్న ఇల్లాలు ఒళ్లోని చంటిబిడ్డ ముఖానికి కొంగు అడ్డుపెట్టుకుంది. ఉండబట్టలేక లేచి, కాలుస్తున్న ఒకాయనకు బోర్డు చూపించాను. ఆయన కోపగించుకోలేదు. "నాకు చెబుతారేంటండీ, ముందు ఆ తాడు తీయించండి" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు ఎగతాళిగా తోచింది గానీ, ఇంటికి వచ్చి నిబంధనలు చదివితే ఆయన చెప్పినదే చట్టం చెబుతోందని తేలింది. బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని ఆపాలని 2001 నవంబరులో, కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి సవివరమైన నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కాల్చినవారికి రూ. 200 వరకు జరిమానా అన్న ముక్క అందరికీ తెలుసు. ఆ స్థలాన్ని నడిపేవారు అక్కడ యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, ముట్టించుకోవడానికి పనికివచ్చే మరే వస్తువూ ఉంచకూడదనీ, ఫిర్యాదు వచ్చినా ఊరుకుంటే అక్కడ జరిగిన ఉల్లంఘనల సంఖ్యను బట్టి వారే జరిమానా కట్టాలనీ ఉన్న సంగతి మాత్రం బోర్డు మీద కనబడదు.

ఈ విషయం మీద మా బాబాయి గారితో పెద్ద వాదమే జరిగింది. ఆయన ఒకప్పుడు గోదావరి లంకల్లో పొగాకు వేసిన రైతు. ఇప్పటికీ భోజనమయ్యాక అరుగు మీద చుట్ట వెలిగించనిదే కునుకు పట్టదు. "1947లోనే రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ పెట్టిందీ, గుంటూరులో పొగాకు బోర్డు పెట్టిందీ సర్కారే కదరా. పండించేటప్పుడు లేని పాపం కాల్చేటప్పుడు వచ్చిందా?" అన్నారు. పంట సంగతిలో ఆయన ఆక్షేపణకు నా దగ్గర మంచి జవాబు లేదు. అయితే ఈ చట్టం ఆయన చుట్టను లాక్కోవడం లేదు; ఆయన అరుగు జోలికీ రాదు, బస్టాండు లాంటి జనం వచ్చిపోయే చోటు కాకపోతే ఆరుబయలునూ బహిరంగ స్థలంగా లెక్కించదు. నలుగురూ ఒకే గాలి పీల్చవలసిన చోట మాత్రమే వద్దంటోంది. "పోలీసు లేనిచోట ఎవడు వింటాడు?" అన్న ఆయన రెండో ప్రశ్న అసలైనది.

దానికి జవాబు ఆయన ఎక్కే బస్సులోనే ఉంది. నా చిన్నతనంలో బస్సుల్లో బీడీ వాసన మామూలు విషయం. ఇవాళ రావులపాలెం వెళ్లే బస్సులో ఎవరైనా వెలిగిస్తే కండక్టరు దింపేస్తానంటాడు, వెనక సీటులోని వాళ్లూ గొంతు కలుపుతారు. కండక్టరు దగ్గర లాఠీ లేదు. బస్సు తన బాధ్యత అని అతనికీ, అడగవలసింది అతన్నే అని ప్రయాణికులకూ తెలుసు, అంతే. హాలుకు అలాంటి మనిషి లేడు. ఏడాదికొకసారి తనిఖీలు చేసి, పదిమందికి చలానాలు రాసి, ఫొటోలు దిగినంత మాత్రాన ఆ లోటు తీరదు. పైగా పట్టుబడేది ఎప్పుడూ బీడీ కాల్చే కూలీయే, కొట్టు పెట్టనిచ్చినవారు కారు.

అందుకే ఆ బస్టాండు అధికారికి ఒక ఉత్తరం రాసి, బోర్డు మీద పేరు రాయించమనీ, తాడు తీయించమనీ మాత్రమే కోరాను. కాల్చేవారి ఊసు ఎత్తలేదు. మొన్న మళ్లీ అటు వెళ్లాను. బోర్డు మీద పేరు, ఫోను నంబరు ఉన్నాయి. తాడును బస్టాండు బయట, వేపచెట్టు కొమ్మకు కట్టారు; కాల్చేవారూ దాని వెంటే వెళ్లి ఆ నీడన నిలబడ్డారు. వాన మొదలవగానే ఇద్దరు వెలుగుతున్న సిగరెట్లతోనే లోపలికి పరుగెత్తుకొచ్చారు. బోర్డు మీది నంబరుకు ఫోను చేశాను. అవతల ఎత్తారు.