చెలమనాటి నీటి వంతులు

నేను రాస్తున్న నవల మొదటి ముసాయిదాను మా చిన్నమ్మకు చదివి వినిపించిన రోజున ఆవిడ వేసిన ఒక్క ప్రశ్న వల్ల రెండు వందల పేజీలు పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ నవల నేను కల్పించిన ఒక ఎడారి దేశంలో జరుగుతుంది. ముసాయిదాలో ఇసుక తిన్నెల నడుమ గోపురాల నగరం ఉంది, రాణిగారి అంతఃపురం ఉంది, ఆ అంతఃపురంలో దానిమ్మలూ మల్లెలూ పూచే తోట ఉంది. చిన్నమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ చివరిదాకా ఓపికగా విని, "అంతా బాగుంది గానీ నాయనా, ఆ తోటకు మడవ కట్టేదెవరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం జిల్లాలో పుట్టి, చెరువు కింద నీరుగంటిగా, అంటే నీటి పంపకం చూసే మనిషిగా పనిచేసిన తాత వెంట తిరిగి పెరిగిన నేను, నీళ్ళ ఊసే లేకుండా ఒక ఎడారి దేశాన్ని ఎలా రాయగలిగానా అని ఆ రాత్రంతా బాధపడ్డాను.

ఆ దేశానికి ఇప్పుడు చెలమనాడు అని పేరు పెట్టుకున్నాను. బయటివారు దాన్ని ఎడారి అంటారు. అక్కడివారు మాత్రం తమ నేలను నీళ్ళు దొరికే చోటు పేరుతోనే పిలుచుకుంటారు. ఎండిన ఏటి ఇసుకలో చేత్తో గుంట తీసి, మెల్లగా ఊరే నీటిని చిప్పతో బిందెలోకి తోడుకున్నవారికి చెలమ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా తీసేసింది ఇసుకను. ఎడారి అనగానే మన కళ్ళ ముందు తిన్నెలే కదులుతాయి గానీ, సహారా అంతటి మహా ఎడారిలోనే తిన్నెలు పరుచుకున్న నేల ఇంచుమించు ఐదో వంతు. మిగిలినదంతా రాతి పీఠభూములు, గులకరాళ్ళ మైదానాలు, కొండలు, ఏడాదిలో ఏ ఒక్కనాడో పొంగి మళ్ళీ ఎండిపోయే వాగులు. కాబట్టి చెలమనాటికి ఒక కొండ వరుసను, దాని పాదాన ఊళ్ళను, ఊళ్ళకు అవతల గులక మైదానాన్ని, దాని కొసన ఎండిపోయిన ఒక ఉప్పు సరస్సును ఇచ్చాను. కొండ ఉంటే వాన చుక్కలు ఎక్కడో ఒకచోట ఇంకుతాయి, ఇంకిన నీరు ఊటగా దిగుతుంది, ఊట ఉన్నచోట ఊరు నిలుస్తుంది.

ఆ ఊట ఊరికి ఎలా చేరుతుందో నాకు నేర్పింది ఒమన్. ఉద్యోగరీత్యా నిజ్వాలో కొన్నేళ్ళు లెక్కలు రాసుకుంటూ గడిపాను. సెలవు రోజుల్లో ఫలజ్ దారిస్ గట్టున కూర్చోవడం నాకు అలవాటుగా ఉండేది. ఫలజ్ అంటే కొండ పాదాన తవ్విన తల్లిబావి నుంచి కిలోమీటర్ల కొద్దీ భూమి కిందుగా, అతి తక్కువ వాలుతో, యంత్రమేదీ లేకుండా నీటిని ఊరిదాకా నడిపించే సొరంగ కాలువ. తల్లిబావి అన్న మాట నా కల్పన కాదు, అరబ్బీలో వాళ్ళు దాన్ని ఉమ్మ్ అల్-ఫలజ్, అంటే ఫలజ్‌కు తల్లి అంటారు. ఒమన్‌లో ఇలాంటివి ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి, వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలజ్ అన్న పదానికి మూలార్థం పంచడం, భాగాలు చేయడం. కాలువకు ఆ పేరు పెట్టుకున్న ప్రజలు నీటిని పారే వస్తువుగా కాక, పంచుకునే వస్తువుగా చూశారన్నమాట.

పంపకం కాలంతో జరుగుతుంది. అర్ధగంట పారకాన్ని ఒక అథర్ అంటారు. పగటిపూట పాతిన కర్ర నీడ ఏ గుర్తు దాటిందో చూసి, రాత్రిపూట ఫలానా నక్షత్రం కొండ అంచు మీద పొడిచిందో లేదో చూసి ఒకరి వంతు ముగించి మరొకరిది మొదలుపెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారం వచ్చింది. కాలువ ఊళ్ళోకి రాగానే మొదటి చోటు తాగునీటిది, అక్కడ ఎవరైనా కడవ నింపుకోవచ్చు, దానికి వంతు లేదు, వెల లేదు. ఆ దిగువన మసీదు, స్నానాల గదులు, అటు తరువాతే పొలాలు. పొలాల్లోనూ ముందు ఖర్జూరపు తోటలు, వాటికి అవతల గోధుమ, పశుగ్రాసం వంటి పంటల మళ్ళు. కరువు వచ్చినప్పుడు ఆ చివరి మళ్ళను బీడు పెట్టి చెట్లను బతికించుకుంటారు. పంట ఒక ఏడు పోతే మరో ఏడు వస్తుంది, ఎండిన ఖర్జూర చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. కొన్ని వంతులను ఎవరికీ ఇవ్వకుండా ఫలజ్ పేరునే ఉంచి, వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బుతో పూడిక తీయిస్తారు. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి, ఏ కార్యాలయంలోనూ ఇంత శుభ్రమైన ఖాతా చూడలేదని మనస్ఫూర్తిగా చెప్పగలను.

మా తాత చేసిన పని దీనికి మరీ దూరమైనది కాదు. చెరువు నిండిన ఏడు ఆయన భుజాన పార, చేతిలో లాంతరుతో రాత్రంతా కాలువల వెంట తిరిగేవాడు. తూము తీయాలన్నా మూయాలన్నా ఆయనే; ఎంత ఆసామి అయినా తన మడికి తాను మడవ తెంచుకోవడానికి వీల్లేదు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టాక ఇంటింటి కుప్ప నుంచి ఆయనకు మేర కొలిచేవారు. మా పెన్న, చిత్రావతి ఏళ్ళ వెంబడి ఊట కాలువలు కూడా ఉండేవి. ఎండిన ఏటి ఇసుకలోకి లోతుగా తవ్వి, ఇసుక కింద పారే నీటిని వాలు చూసుకుని పొలాలకు మళ్ళించేవారు. బోర్లు పెరిగి భూగర్భ జలం అడుగంటిన కొద్దీ వాటిలో ఎన్నో ఎండిపోయాయి. నిజ్వాలో కాలువ గట్టున కూర్చున్నప్పుడు నాకు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించకపోవడానికి కారణం అదే.

అందుకే చెలమనాటిలో రాజ్యాధికారానికి గుర్తు కిరీటం కాదు, వంతుల చిట్టా. ప్రతి ఊరికీ ఒక నీరుగంటి ఉంటాడు, చిట్టా ఆయన దగ్గర ఉంటుంది, దాన్ని రాజు కూడా దిద్దలేడు. మన వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చినట్టు, అక్కడ కూతురికి నీటి వంతు రాసిస్తారు. దాంతో పెళ్ళి తరువాత భర్తే భార్య వంతు ఉన్న ఊరికి కాపురానికి వస్తాడు. ఈ ఏర్పాటు నేను గాలిలోంచి తీసినది కాదు. సహారాలోని తువారెగ్ ప్రజల్లో గుడారం భార్య సొత్తు. విడాకులైతే గుడారం వదిలి వెళ్ళవలసినవాడు భర్త. ముఖానికి ముసుగు కట్టుకునేది కూడా వాళ్ళలో మగవారే. ఇలాంటి నిజాలు చదివినకొద్దీ, నా పాత ముసాయిదాలోని రాణి అంతఃపురం ఎంత అరువు సరుకో తెలిసివచ్చింది.

ఇక బజారు. దీని గురించి ఆలోచించిన ప్రతిసారీ 1352లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసిన తగాజా నా మనసులో మెదులుతుంది. సహారా నడిబొడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఇళ్ళూ మసీదూ ఉప్పు దిమ్మెలతో కట్టినవి, పైకప్పులు ఒంటె తోళ్ళు; చెట్టు లేదు, పంట లేదు, తాగే నీళ్ళు కూడా ఉప్పనే. ఉత్తరం నుంచి ఖర్జూరాలు, దక్షిణం నుంచి చిరుధాన్యం వస్తేనే అక్కడివారి నోట్లోకి ముద్ద వెళ్ళేది. అటువంటి చోట బంగారం రాశులుగా చేతులు మారేది. ఎందుకంటే ఆ ఉప్పు దిమ్మెలే దక్షిణాదిన డబ్బులాగా చెల్లేవి. ఎడారి ఆర్థిక వ్యవస్థ రహస్యం ఈ ఊళ్ళో పూర్తిగా కనిపిస్తుంది: తనకు మిక్కిలిగా ఉన్న ఒకే ఒక్క వస్తువును అమ్ముకుని, తినేదంతా కొనుక్కోవాలి. చెలమనాడు ఉప్పునూ ఖర్జూరాన్నీ అమ్ముతుంది, ధాన్యం కొంటుంది. బిడారు నెల ఆలస్యమైతే ఊళ్ళో పొయ్యి వెలగదు. అందువల్ల అక్కడ మాట తప్పిన వర్తకుడికి పడే శిక్ష కొరడా దెబ్బలు కాదు. ఏ బావి దగ్గరా అతని ఒంటెలకు తొట్టి నింపరు.

అరేబియా ఎడారి ప్రజలైన నబతీయుల గురించి గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాసిన సంగతి కూడా వాడుకున్నాను. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం నాటికి వాళ్ళు ధాన్యం విత్తకూడదు, పళ్ళచెట్లు నాటకూడదు, మద్యం తాగకూడదు, ఇల్లు కట్టకూడదు అని ఒక కట్టడి పెట్టుకున్నారట, తప్పితే మరణశిక్ష. ఆస్తి ఉన్నవాణ్ణి బలవంతుడు తేలికగా లొంగదీసుకుంటాడని వాళ్ళ భయం. సన్నని మూతి, విశాలమైన అడుగు ఉండే రహస్యపు తొట్లలో వాన నీరు నింపి, తమకే తెలిసిన గుర్తులు పెట్టుకునేవారు. అదే ప్రజలు తరువాతి కాలంలో నేటి జోర్డాన్‌లోని పెట్రా నగరాన్ని కొండ తొలిచి కట్టి, ఆనకట్టలూ మట్టి గొట్టాలూ వేసి, సుగంధ ద్రవ్యాల వ్యాపారంతో సంపన్నులై, 106లో రోము పాలన కిందికి వెళ్ళారు. నా కథలో ఆ పాత కట్టడిని పట్టుకు వేలాడే కొండ తెగకూ, తోటలు వేసుకున్న పల్లపు ఊళ్ళకూ మధ్య ఉన్న పేచీయే ప్రధాన కథ.

అయితే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసే ప్రశ్న, ఆ సొరంగాలు తవ్విందెవరు అన్నది. తగాజాలో ఉప్పు తవ్వినవారు బానిసలని ఇబ్న్ బతూతాయే రాశాడు. నేటి గల్ఫ్ నగరాల మేడలను ఎవరు కట్టారో కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లోని ఇళ్ళకు బాగా తెలుసు. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదని నియమం ఉంది, అది మంచి నియమం. కానీ నా గదిలో నాతోపాటు ఉన్న కమ్మీ పని కుర్రవాడికి ఒక గుత్తేదారు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టినప్పుడు, ఆ కుర్రవాడు ఇంటికి ఫోను చేసి అమ్మతో బాగానే ఉన్నానని చెప్పడం విన్నాను. ఆ గొంతు నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఎడారి దేశపు వైభవం రాసి ఈ మనిషిని వదిలేస్తే నేను అబద్ధం రాసినట్టే. కాబట్టి చెలమనాటిలో సొరంగం తవ్వేవారిది ఒక ప్రత్యేకమైన కులం. వాళ్ళు తవ్విన కాలువలో వాళ్ళకు వంతు లేదు. నూనె దీపం ముందుంచుకుని తవ్వుతారు, దీపం మినుకుమంటే గాలి చాలడం లేదని గుర్తించి పైకి వస్తారు. కథానాయిక పుట్టింది వాళ్ళ ఇంట్లో.

నీరు తగ్గిపోవడం కూడా కథలో ఉంది. లిబియాలోని ఫెజ్జాన్ ప్రాంతంలో గరమంతులనే ప్రజలు ఇలాంటి సొరంగాలతోనే ఎడారి మధ్య పట్టణాలు కట్టుకుని శతాబ్దాల పాటు బతికారు. వాళ్ళు తోడుకున్నది వేల ఏళ్ళ కిందటి వానల నీరు, మళ్ళీ నిండేది కాదు. నీటిమట్టం దిగినకొద్దీ ఇంకా లోతుకు, ఇంకా దూరానికి తవ్వవలసి వచ్చింది.

ఇప్పుడు మొదటి అధ్యాయం తల్లిబావి అడుగున మొదలవుతోంది. పదమూడేళ్ళ పిల్ల దీపం పట్టుకుని తండ్రి వెనక నిలబడి ఉంటుంది. నిరుడు మోకాలిదాకా ఉన్న నీరు ఇప్పుడు చీలమండ దాటడం లేదని ఆమె గమనిస్తుంది, పైకి వెళ్ళాక నీరుగంటికి చెప్పాలా వద్దా అని తండ్రి ముఖం చూస్తుంది. రాణిగారి తోట పదకొండో అధ్యాయంలో మళ్ళీ వస్తుంది, ఈసారి దానికి మడవ కట్టేవాడికి పేరుంది, కూలి ఎంతో కూడా రాశాను. సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు చిన్నమ్మకు చదివి వినిపిస్తాను.