చిన్నమ్మకు కప్పిన శాలువా

మొన్న మా కర్నూలులో ఎమ్మెల్యే గారు కొందరు పారిశుధ్య కార్మికులను సన్మానించారు. అందులో మా చిన్నమ్మ ఉంది. పేరు పిలవగానే చెప్పులు కిందే విడిచి స్టేజీ ఎక్కింది. శాలువా కప్పాక సర్దుకుంటుంటే జరీ పోగు ఆమె వేలి పగుళ్లలో చిక్కుకుంది. ఏళ్ల తరబడి బ్లీచింగ్ పౌడర్ చల్లిన చేతులవి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచాయి. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నా. నీళ్లు తీసేశాక వీధినిండా బురద, కుళ్లు వాసన. చిన్నమ్మ తెల్లారకముందే పార పట్టుకుని పోయేది. రాత్రి వచ్చాక ఆ వాసనకు అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. మనం ఇళ్లకు తిరిగి రాగలిగామంటే వీళ్ల చలవే.

ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాల సంగతి అసెంబ్లీలో లేవనెత్తుతానని ఎమ్మెల్యే గారు మైకులో చెప్పారు. నాకైతే శాలువా కంటే ఆ మాటే ఎక్కువ. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగు కాలువల్లోకి దించకూడదని 2013 నుంచి చట్టమే ఉంది. అయినా మా చిన్నమ్మ గ్లవ్స్ తన డబ్బుతో కొనుక్కుంటోంది. దయచేసి ఈ మాట సభలో గట్టిగా అడగండి సార్.

ఇంటికొచ్చాక శాలువాను మడిచి ట్రంకు పెట్టెలో దాచుకుంది.

"పొద్దున్నే నాలుగుకి లేయాల నాయనా, అలారం పెట్టు" అంది.